రెండు సీట్ల మనిషి

ఆ రోజు ఎల్బీ నగర్‌లో బెజవాడ బస్సులు రెండు ఒకదాని వెనక ఒకటి ఆగి ఉన్నాయి. ఏది ముందు కదులుతుందో ఎవరికీ తెలీదు. ముందు బస్సు కిటికీలోంచి ఒక సీటు మీద కర్చీఫ్ వేశాను. మళ్లీ అనుమానం వచ్చి, వెనక బస్సులో గొడుగు పెట్టొచ్చాను. తిరిగొచ్చి కర్చీఫ్ సీట్లో కూర్చుంటే, పక్క సీట్లో ఒళ్లో సంచితో ఒక పెద్దావిడ.

"గీ దస్తీ నీదేనా బిడ్డా? ఏడికి పోతున్నవ్?"

"బెజవాడలో ఇల్లు చూడ్డానికండీ. నా ఉద్యోగం ఎక్కణ్ణుంచైనా చేసుకోవచ్చు. ఇక్కడి అద్దెలు నా వల్ల కావట్లేదు."

"మరి ఈడ ఇల్లు ఖాళీ చేసినవా?"

"లేదండీ. మన్సూరాబాద్ ఇల్లు అలాగే ఉంచి, అక్కడ ఇంకోటి తీసుకుని, ఆర్నెల్లు చూద్దామని."

"రెండిండ్ల కిరాయా!" అని ఆవిడ అంటుండగానే వెనక బస్సు మమ్మల్ని దాటి వెళ్లిపోయింది.

"అయ్యో, నా గొడుగు!" అంటూ కర్చీఫ్ సీట్లోనే వదిలేసి దిగి పరిగెత్తాను. అందలేదు. రొప్పుతూ వెనక్కొచ్చేసరికి నా సీట్లో ఒక లావుపాటాయన.

"దస్తీ ఉన్నదని చెప్పిన, ఇనలే," అంటూ ఆవిడ కర్చీఫ్ నా చేతిలో పెట్టింది. "ఆడొక గొడుగు, ఈడొక దస్తీ. నువ్వేమో నిలబడ్డవ్."

సూర్యాపేటలో ఆవిడ దిగేదాకా నిలబడే ఉన్నాను.

ఆ నెలలోనే మన్సూరాబాద్ ఇంటి గేటుకి టులెట్ బోర్డు నేనే కట్టాను. సామానంతా ఒక్క లారీలో వెళ్లింది. గొడుగు మాత్రం నాకంటే ముందే బెజవాడలో స్థిరపడింది.