క్యాచర్ వెనక నిలబడ్డ మామ

మా మామ పోయారు. జార్జి టౌన్‌లో పొద్దున్నే తన కాయితాల కొట్టు షట్టర్ ఎత్తుతూ కుప్పకూలారు. గుండె ఆగిందన్నారు డాక్టరు. ఆ మాట వినగానే ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు అన్ని బంతులు చేయలేని పని ఒక రేకు షట్టర్ చేసిందా!

చెన్నైలో బేస్‌బాల్ ఏమిటని అడక్కండి. ఉంది. కాలేజీ మైదానాల్లో, మాడే ఎండలో, చూసేవాళ్లు లేకుండా ఉంది. ఆదివారాల్లో మామ దానికి అంపైరు. బ్యాటర్ వెనక బంతి పట్టుకునే క్యాచర్‌కు వెనకే వంగి నిలబడి, వచ్చే ప్రతి బంతికీ హద్దులో ఉంటే స్ట్రైక్, లేకుంటే కాదని తీర్పు చెప్పాలి. గ్లవ్ తప్పినా, బ్యాట్ అంచుకు తగిలి వెనక్కి దూసుకొచ్చినా దెబ్బ ఆయనకే. ఒకసారి భుజం ఎముక విరిగింది. ఇంకోసారి గొంతుకు తగిలితే కొన్నాళ్లు కొట్లో సైగలతోనే బేరాలు చేశారు.

ఉప్పుమూట వేడిచేసి కాపడం పెడుతూ అత్త తిట్టిపోసేది. "ఈడ ఏం తక్కువైందని ఆడికి పోయి దెబ్బలు తినేది? ఆదివారమన్నా సుమ్మా ఊరికే ఇంట్లో ఉండరాదా?"

"మెల్లగా పెట్టవే, కాలతా ఉండాది" అనేవారు మామ.

నన్నూ ఆ పనిలోకి లాగారు. ఇనుప కమ్మీల మాస్కు తొడిగి, గోడకు ఆనించి, మూతి మీదికే బంతులు విసిరేవారు. "కన్ను మూస్తే ఏం చూసి చెప్తావురా? తగిలితే తగలనీ. వీపు తిప్పొద్దు, చూడు!" కమ్మీలు మోగి దవడలు అదిరిపోయేవి. ఆయన పీక పిసికేయాలనిపించేది. ఈరోజు నేను కన్నార్పకుండా నిలబడుతున్నానంటే ఆ చేతి చలవే.

పోయిన ఏడాది ఫైనల్‌లో ఆయన క్యాచర్ వెనక, నేను మొదటి బేస్ దగ్గర రెండో అంపైరుని. ఇంకొక్క స్ట్రైక్ పడితే క్యాచర్ జట్టు గెలుస్తుంది. వచ్చిన బంతిని మామ స్ట్రైక్ కాదన్నారు. క్యాచర్ ఏవో బూతులు గొణిగాడు. తర్వాతి బంతికి గ్లవ్ ఎత్తకుండా పక్కకు ఒరిగాడు. బంతి నేరుగా వెళ్లి మాస్కును బాదింది. మాస్కు ఊడి ఎగిరిపడింది. మామ మోకాళ్ల మీద కూలారు, నోటి నిండా నెత్తురు.

నేను ఉరికి వాడి కాలరు పట్టుకున్నాను. "కావాలనే వదిలేసినాడు మామా! బయటికి తరుము వీణ్ణి."

"కావాలనే అని ఒట్టేసి చెప్తావా? నేను బాలును చూస్తా ఉన్నా, వాణ్ణి చూడలా. వదులు."

నెత్తురు ఉమ్మేసి, మాస్కు తొడుక్కుని, మళ్లీ వంగారు. తర్వాతి బంతి సరిగ్గా హద్దు అంచు మీద వచ్చింది. కాదన్నా ఎవరూ అడగరు. నేను మనసులో కాదను, కాదను అనుకుంటూనే ఉన్నాను. మామ పిడికిలి బిగించి పైకెత్తారు. స్ట్రైక్! వాడి జట్టే గెలిచింది.

తిరుగు బస్సులో నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. వాచిన మూతితో ఆయనే అన్నారు. "దెబ్బ తగిలింది నాకురా, ఆ తర్వాతి బాలు ఏం చేసింది? రెండూ కలిపినానంటే నేనింక ఏం అంపైరును?"

మొన్న మగవాళ్లం కలిసి ఆయనకు కడసారి స్నానం చేయించాం. ముందువైపు చూడలేకపోయాను. వంకరగా అతుక్కున్న ఎముక, ఛాతీ మీద నల్లటి మచ్చలు, తొడ మీద గట్టిపడిన గడ్డ. నీళ్లు పోయడానికి పక్కకు తిప్పాం. వీపు మీద ఒక్క గీత లేదు. చంటిపిల్లాడి వీపులా నున్నగా ఉంది. చెంబుతో పోసిన నీళ్లు ఎక్కడా ఆగకుండా జారిపోయాయి.