వేడినీళ్ల సీసాలు

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే ఊరుకోను. నా కూతురి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇది నాకు జరిగింది.

ఎనభైల్లో సంగతి. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. ఏడో నెలలోనే నొప్పులొస్తే మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయారు. పిల్ల పుట్టింది... ఇంత, అరచేతిలో పట్టేంత. అద్దాల పెట్టెలవీ అక్కడెక్కడివి? అట్టపెట్టెలో దూది పరిచి పడుకోబెట్టారు. చుట్టూ గుడ్డ చుట్టిన వేడినీళ్ల సీసాలు. గంటకోసారి మార్చాలి. చల్లబడితే పిల్ల దక్కదన్నారు.

ఆరు రాత్రులూ క్లారమ్మ సిస్టర్ గారే మార్చారు. కేరళ నుంచి వచ్చిన కన్యాస్త్రీ. లాంతరు పట్టుకుని వచ్చి, "పడుకో మోళే, నేనున్నాను కదా" అనేవారు. మోళే అంటే వాళ్ల భాషలో కూతురట. తల్లి లేకుండా పెరిగినదాన్ని... ఆ మాట కోసమే మేలుకుని ఉండేదాన్ని.

ఏడో రాత్రి ఆవిడ రాలేదు. వేరే నర్సు ఒకసారి సీసాలు మార్చింది. ఇంతలో పత్తిచేలో మందు కొడుతూ పడిపోయిన మనిషిని తెచ్చారని అటు పరుగెత్తింది. కరెంటు పోయింది. నాకేమో ఒళ్లు కాలిపోయే జ్వరం. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు.

టప్... టప్... నీటి చుక్కల చప్పుడు. కళ్లు తెరిచాను.

పెట్టె దగ్గర... తెల్లచీర. లాంతరు లేదు. ముఖం కనబడలేదు. చేతులు మాత్రం కదులుతున్నాయి.

"సిస్టర్ గారా?" అన్నాను. పలకలేదు. ఆవిడైతే పలక్కుండా ఉంటారా?

ఆ చేతులు పిల్లను ఎత్తాయి. గుండెకు హత్తుకున్నాయి. పిల్ల కిక్కురుమనలేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. గాలీ ధూళీ సోకకుండా మా అత్తయ్య దిండు కింద పెట్టిన అడకత్తెర తీసి, అది అటు చూపిస్తూ అరిచాను.

"నా బిడ్డను ముట్టుకోకు! పో!"

ఆ మనిషి ఆగింది. నెమ్మదిగా... చాలా నెమ్మదిగా... పిల్లను పెట్టెలో పడుకోబెట్టింది. గుడ్డ సర్దింది. వెళ్లిపోయింది. అడుగుల చప్పుడు కూడా లేదు.

తెల్లవారుతుంటే నర్సు లబలబలాడుతూ వచ్చింది. "అయ్యో తల్లీ, రాత్రంతా ఆ కేసు దగ్గరే ఉండిపోయాను! సీసాలు..." పెట్టెలో చెయ్యి పెట్టి చూసింది. వేడిగా ఉన్నాయి. పిల్ల వెచ్చగా ఊపిరి తీస్తోంది.

"క్లారమ్మ గారు మార్చారేమో" అన్నాను.

"ఆవిడెక్కడున్నారమ్మా? నిన్న సాయంత్రమే బస్సెక్కారుగా. బదిలీ. మఠం వాళ్లు పొమ్మంటే పోవడమే. ఎవరికీ చెప్పకూడదంట."

ఏ ఊరని అడిగితే తనకూ తెలియదంది. వంటామెను అడిగితే రాత్రి పొయ్యే వెలిగించలేదంది.

బస్సు తప్పి వెనక్కొచ్చారా? ఇంకెవరైనా వచ్చారా? దయ్యమంటారా, దానికి నీళ్లు కాచే ఓపిక ఉంటుందా? నాకు ఇప్పటికీ తెలియదు. భయం మాత్రం ఎప్పుడో పోయింది. ఆవిడే అయితే... నా పిల్లను చివరిసారి ఎత్తుకుందామని వచ్చి ఉంటే... ఆ తల్లితో నేనన్న ఆఖరి మాట, పో అని.