ఖాళీ అని నేను కొట్టిన మాట

పోయిన మంగళవారం పొద్దున్న ఆరున్నరకి ఫోన్ మోగింది. టైపు నేర్చుకునే ఆరింటి బ్యాచ్ పిల్ల. "అక్కా, మేడం లెగటం నేదు" అంది. షెడ్డు తాళం తియ్యలేదని ఇంట్లోకి వెళ్ళి చూశారట. నేను స్కూటీ మీద వెళ్ళేసరికి డాక్టరు వచ్చి వెళ్ళిపోయాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. అదృష్టవంతురాలు, ఎవరిచేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది అని వాకిట్లో ఒకాయన అంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇది రాస్తున్నప్పుడు కూడా మండుతోంది. పోయినవాళ్ళ గురించి మెత్తగా రాయాలని తెలుసు. నాకు చేతకావటం లేదు, చదివేవాళ్ళు మన్నించాలి.

విజయనగరంలో పాత బజారు వీధి ఎరిగినవాళ్ళకి ఆవిడ తెలిసే ఉంటారు. మున్సిపాలిటీ వాళ్ళ పాత గిడ్డంగి మీద మేడ, చెక్క మెట్లు, పైన పద్దెనిమిది టైపు మిషన్లు. మా అందరికీ ఆవిడ టైపు మేడం. జూట్ మిల్లులో పనిచేసిన కార్మికుడి కూతురు. పెళ్ళయిన మూడేళ్ళకి భర్త పోతే, పుట్టింటికి వెళ్ళకుండా అద్దెకి ఒక గది తీసుకుని, రెండు పాత మిషన్లతో మొదలుపెట్టారు. మేము చేరేనాటికి పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఏడు దాకా ఆ మేడ వర్షం పడుతున్నట్టు చప్పుడు చేసేది.

ఇంటర్ అయ్యాక నన్ను మా అమ్మ నెల్లిమర్ల నుంచి బస్సులో తీసుకెళ్ళింది. "సదువు అబ్బనేదు, సేతికి ఏదైనా పని నేర్పండమ్మా" అని మా అమ్మ అంటే, మేడం నా వైపు చూడకుండా నా చేతులు చూశారు. "గోళ్ళు తీసీసి రేపు రా" అన్నారు. అంతే అడ్మిషన్.

రెండోవారం నా చేతుల మీద తువ్వాలు కప్పేశారు. "ఏటే, అక్షరాల వంక సూస్తావు? అవి ఎక్కడికీ ఎల్లిపోవు. నువ్వు కాగితం సూడు" అన్నారు. కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతూ, వెనక్కి తిరక్కుండానే "మూడో మిషను, చిటికెనవేలు సరిగ్గా పడతం లేదు" అనేవారు. పద్దెనిమిది మిషన్ల చప్పుడులో ఒక వేలు తడబడితే ఎలా తెలిసేదో! తప్పు కొడితే రబ్బరు ఇచ్చేవారు కాదు. కొత్త కాగితం ఇచ్చేవారు. "సెరిపితే మచ్చ ఉంటాది. మళ్ళీ కొట్టు."

ఉత్తరం అయ్యాక కింద ఎడమ పక్కన, కొట్టినవాళ్ళ పొడి అక్షరాలు వెయ్యాలని కూడా ఆవిడే నేర్పారు. సంతకం పెట్టినవాడిదే పెత్తనం కదా, మాదెందుకు అని అడిగాను. "సంతకం పెట్టినోడు సదవకుండా పెట్టినా పెడతాడు. కొట్టినోళ్ళు మాత్రం ప్రతి అక్షరం సూసే కొడతారు. సాక్ష్యం మీదే" అన్నారు.

ఆ చదువుతోనే నాకు మున్సిపల్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగంలోనే నేను ఆవిడ మేడని తీసేశాను.

ఎలాగో చెబుతాను. పాత బజారుని బాగుచేస్తామని ఒక పథకం వచ్చింది. పాత ఊరి పునరుద్ధరణ అన్నారు. అందులో భాగంగా గిడ్డంగిని మార్చి స్టార్టప్ యాక్సిలరేటర్ పెడతారట. అంటే కొత్త కంపెనీలు పెట్టే కుర్రాళ్ళకి చోటు, సలహా, పెట్టుబడి దొరికే దారి చూపించే కేంద్రం. దానికి ప్రభుత్వం డబ్బిస్తుంది. ఎంతో నాకు తెలుసు, ఆ అంకె కొట్టింది నేనే. అంత పొడుగు అంకె మా వీధి పేరు పక్కన నేను ఎప్పుడూ చూడలేదు. పైకి పంపే ప్రతిపాదనలో ఒక వాక్యం ఉంది: "సదరు భవనం చాలాకాలంగా ఖాళీగా, నిరుపయోగంగా ఉన్నందున..."

నా వేళ్ళు ఆగిపోయాయి. లేచి సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను.

"సార్, పైన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉంది కదండీ."

"వాళ్ళ లీజు ఎప్పుడో అయిపోయిందమ్మా. మనం రెన్యూ చెయ్యలేదు. రికార్డు ప్రకారం ఖాళీయే."

"అద్దె తీసుకుంటున్నాం కదండీ."

"నిన్ను కొట్టమన్నాను. ఆలోచించమనలేదు."

వెళ్ళి కొట్టాను. నాకప్పుడు ప్రొబేషన్ పూర్తి కాలేదు, అమ్మ మందుల మీద ఉంది. ఇవి కారణాలే. ఇవన్నీ ఉన్నా, కొట్టింది నేనే. కింద ఎడమ పక్కన నా పొడి అక్షరాలు వేశాను, అలవాటుగా.

మేడకి ఖాళీ చెయ్యమని నోటీసు వెళ్ళింది. మేడం ఏడవలేదు, అరవలేదు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టి ఫైలు నకళ్ళు తెచ్చుకున్నారు. ఒకరోజు మధ్యాహ్నం ఆ కాగితం పట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చారు. ఎర్ర పెన్సిలుతో ఒక్క మాట కింద గీత ఉంది. ఆవిడ వేలు ఆ మాట మీంచి జారి, కింద నా పొడి అక్షరాల దగ్గర ఆగింది.

"స్పేసింగు బాగున్నాది. మార్జిన్లు బాగున్నాయి. మాట తప్పు" అన్నారు.

"మేడం, వాళ్ళు కొట్టమన్నారు..."

"నలభైమంది ఆడపిల్లలు కూకున్న సోటుని ఖాళీ అనీసావేటే? నువ్వు కూకున్న సోటే కదా అది."

ఆఫీసంతా వింటోంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, వెళ్ళేముందు నా కీబోర్డు మీద దుమ్ము చీరచెంగుతో తుడిచి వెళ్ళారు. ఆ తుడవటాన్ని నేను ఇప్పటికీ భరించలేకపోతున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

తరవాత ప్రజాభిప్రాయ సేకరణ అని పెట్టారు. షామియానా, మైకు, మంచినీళ్ళ సీసాలు. హైదరాబాదు నుంచి వచ్చిన కన్సల్టెంటు తెర మీద బొమ్మలు వేసి చూపించాడు. గాజు గోడలు, రంగురంగుల కుర్చీలు, నవ్వుతున్న కుర్రాళ్ళు. ఆ బొమ్మల్లో మా వీధి మనిషి ఒక్కరూ లేరు. మేడం చెయ్యెత్తి లేచారు. "మీ కుర్రోళ్ళు పొద్దున్న తొమ్మిదికి ముందు రారు కదా బాబూ. ఆరు నుంచి తొమ్మిది దాకా మూడు గంటలు మాకివ్వండి. తొమ్మిదికల్లా తుడిచి ఇచ్చీసి ఎల్లిపోతాం" అన్నారు.

అతను మర్యాదగానే మాట్లాడాడు. "అమ్మా, మీ మోడల్ స్కేల్ అవ్వదండి" అన్నాడు.

"స్కేలంటే ఏటి?"

"అంటే... మీరు చేసేది ఇంకా చాలా ఊళ్ళకి విస్తరించాలి కదండీ."

"ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఏ కోర్టుకైనా ఎల్లు. ఏ తాసిల్దారు ఆఫీసుకైనా ఎల్లు. టైపు కొడతన్న పిల్లని నీ మేడం ఎవులని అడుగు. అప్పుడు సెప్పు, ఇస్తరించిందో లేదో."

జనం చప్పట్లు కొట్టారు. వేదిక మీద ఉన్న పెద్దాఫీసరు కూడా నవ్వి, మైకులో, అందరి ముందూ, కొత్త భవనంలో ఇన్‌స్టిట్యూట్‌కి ఒక గది ఇస్తామని అన్నాడు. మేడం చేతులు జోడించి కూర్చున్నారు. నమ్మారు. మైకులో అన్న మాట కదా.

ఆ సమావేశం మినిట్స్ కొట్టే పని మళ్ళీ నాకే వచ్చింది. చిత్తుప్రతిలో గది మాట లేదు. ఈసారి నేనే చేర్చి కొట్టాను. సూపరింటెండెంటు ఆ వాక్యం మీద అడ్డగీత గీసి మళ్ళీ కొట్టమన్నారు. కొట్టనన్నాను. మా ఆఫీసులో నేను ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆయన అరవలేదు. పక్క కంప్యూటర్లో వేరే అమ్మాయి చేత కొట్టించారు. వారం తిరక్కుండా నన్ను జనన మరణాల సెక్షన్‌కి మార్చారు. మొదటిసారే నోరు విప్పి ఉంటే ఏమయ్యేదో! బహుశా ఇదే అయ్యేది. అయినా ఆ ఎర్ర గీత నా మాట కింద ఉండేది కాదు.

మేడ మీంచి మిషన్లు దించిన రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. మేడం ఇంటి వెనక వేసిన రేకుల షెడ్డులో తొమ్మిది మిషన్లే పడతాయి. మిగతా తొమ్మిదీ పాత ఇనుము వాడికి. అతను మూటలు ఎత్తినట్టు ఎత్తుతుంటే మేడం ఆపి, ఒక్కొక్క మిషను దగ్గరికీ వెళ్ళి, కాగితం పట్టే క్యారేజిని సరిగ్గా మధ్యకి తెచ్చి, బిగించి, అప్పుడు తియ్యనిచ్చారు. "తుక్కుకేనమ్మా ఇవి" అన్నాడతను విసుగ్గా. "తెలుసు. మిషను మూసే పద్ధతి అది" అన్నారు.

రేకుల కింద వేసవి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఉన్న ఒక్క ఫ్యానూ పిల్లల వైపే తిప్పి పెట్టేవారు. నేను ఇంకోటి కొని పట్టుకెళ్తే అదీ వాళ్ళ వైపే పెట్టారు. ఆ షెడ్డులోంచే నలుగురు పిల్లలు టైపు హయ్యరు పరీక్ష పాసయ్యారు. నిరుపయోగం అంటే ఇదే అయితే, ఆ మాటకి అర్థం నాకు ఎవరైనా మళ్ళీ నేర్పాలి.

యాక్సిలరేటర్ ప్రారంభోత్సవానికి కుర్చీలు నిండాలని విశాఖపట్నం నుంచి కాలేజీ పిల్లల్ని బస్సుల్లో తెచ్చారు. ఫొటోలయ్యాక అవే బస్సుల్లో వెళ్ళిపోయారు. ఆ తరవాత ఆ హాలు ఎప్పుడు చూసినా దీపాలు వెలుగుతుంటాయి, ఏసీ తిరుగుతుంటుంది, కుర్చీలు అలాగే ఉంటాయి. ఇప్పుడది నిజంగా ఖాళీ. ఏ రికార్డూ ఆ మాట అనదు.

అక్కడ నిజంగా పని చేసుకునే కుర్రాడు ఒకడున్నాడు. చేపలు పాడవకుండా సముద్రపు ఒడ్డు నుంచి బజారుకి చేర్చే పెట్టె ఏదో తయారు చేస్తున్నాడు. జాలరి ఇంటివాడే. కలెక్టరాఫీసుకి తెలుగులో అర్జీ కావలసి వచ్చి, రాయటం రాక, మేడం షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. మేడం గంటసేపు కూర్చుని, అతను చెప్పింది విని, చక్కగా కొట్టి ఇచ్చారు. నాకు కోపం వచ్చి అడిగాను. "ఆ పిల్లడు ఏటి సేసాడే? అచ్చరం కావాలని వచ్చాడు. ఆళ్ళు ఇచ్చిన సోట్లో కూకున్నాడు, దోసుకున్నోడు ఆడు కాదు" అన్నారు. నాకంత మంచితనం లేదు. ఉండాలని కూడా ఇప్పుడు అనిపించటం లేదు.

ఆ భవనం వల్లే పోయారని నేను అనను. డెబ్బై దాటాయి, బీపీ ఉంది. డాక్టరు రాసింది రాశాడు. కానీ రాసిన కాగితంలో పట్టనివి చాలా ఉంటాయని నాకు ఉద్యోగమే నేర్పింది.

గురువారం కొత్తవలస నుంచి వచ్చిన ఆవిడ తమ్ముడు మరణ నమోదు ఫారం పట్టుకుని నా కౌంటరు దగ్గర నిలబడ్డారు. వృత్తి అన్నచోట 'గృహిణి' అని రాసి ఉంది. "మావయ్యగారూ, ఇది తప్పండి" అన్నాను. ఆయన పాపం కంగారుపడి, "ఆడోళ్ళకి అదే రాస్తారు కదమ్మా" అన్నారు. కొత్త ఫారం ఇచ్చాను. టైపు ఉపాధ్యాయిని అని రాయించి, సంతకం పెట్టించి, నేనే ఎంట్రీ చేశాను. పక్క సీటాయన "ఏదైతే ఏముందిలెండి" అన్నాడు. అతన్ని నేను అన్న మాట ఇక్కడ రాయలేను.

అదే సాయంత్రం యాక్సిలరేటర్ మేనేజరు ఫోన్ చేశాడు. సంతాప సభకి హాలు ఉచితంగా ఇస్తారట. ఒక మూలకి ఆవిడ పేరు పెడతారట. ఈ ప్రాంతపు తొలి మహిళా ఆంట్రప్రెన్యూర్ అని బ్యానరు కూడా అనుకున్నారట. "బతికున్నప్పుడు రోజుకి మూడు గంటలు అడిగారు బాబూ ఆవిడ. ఆ మూడు గంటలూ ఇప్పుడు షెడ్డులో ఉన్న పిల్లలకి ఇవ్వండి. పేరు ఎక్కడా పెట్టొద్దు" అన్నాను. పైవాళ్ళని కనుక్కుని చెబుతానన్నాడు. ఇంకా కనుక్కుంటున్నాడు. సభ మేము షెడ్డు ముందు రోడ్డు మీదే పెట్టుకున్నాం. శ్రీకాకుళం, బొబ్బిలి నుంచి కూడా వచ్చారు.

మంగళవారం సంగతి ఒకటి చెప్పి ఆపేస్తాను. సాయంత్రం ఆవిడని తీసుకెళ్ళేటప్పుడు పాత బజారు మీంచే వెళ్ళాం. ఆడపిల్లలందరం వెనక నడిచాం, ఎవరూ వద్దనలేదు. ఆ భవనం ముందుకి వచ్చేసరికి ట్రాఫిక్ ఆగి, మోసేవాళ్ళు పాడె దించకుండా అక్కడే నిలబడిపోయారు. మనిషి అలికిడికి తెరుచుకునే గాజు తలుపులు అవి. ఎవరూ ముట్టుకోకుండానే రెండు పక్కలకీ జరిగాయి. లోపల ఒక్క మనిషి లేడు. చల్లగాలి వీధిలోకి వచ్చి మా కాళ్ళకి తగిలింది. కాసేపటికి తలుపులు మూసుకున్నాయి. ముందున్న ఆయన భుజం మార్చుకుంటూ ఒక అడుగు పక్కకి వేశాడు. మళ్ళీ తెరుచుకున్నాయి.