ఓకో కట్టిన తాడు

మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో, జర్మనీవాళ్ళ బోర్కుమ్ దీవిలో తెల్లవారితే చాలు, ఓకో పిడికిలి చప్పుడు వినిపించేది. చక్రాలకు బదులు రెండు చెక్క పడవల మీద నిలబడే యుద్ధవిమానాల స్థావరమది. ముప్పయ్యేళ్ళు చేపల పడవలు కట్టిన ఆ ముసలాయన ఒక్కో పడవనూ వేలికణుపులతో తట్టి, చెవి ఆనించి, లోపలికి నీరు చేరిందేమోనని వినేవాడు. గోళ్ళనిండా తారు, బుగ్గన పటికబెల్లం ముక్క. ఏ విమానం తిరిగొచ్చినా ఆయన అడిగేది ఒక్కటే: "ఎంతమందిని ముంచారు బాబూ?" పోయినేడు ఇంగ్లీషువాళ్ళు ఆయన కొడుకు చార్క్ విమానాన్ని కూల్చారు. చార్క్ ప్రాణాలతోనే నీళ్ళలో పడ్డాడనీ, వార్నిష్ పూసిన నున్నటి పడవ మీద పట్టు దొరక్క జారిపోయాడనీ పైనుంచి చూసినవాళ్ళు చెప్పారు. ఆనాటినుంచి ఓకో ప్రతి పడవ చుట్టూ పట్టుకోవడానికి వీలుగా ఒక తాడు బిగిస్తూ వచ్చాడు.

ఒక మధ్యాహ్నం లెఫ్టినెంట్ రోర్‌బెక్ విమానాన్ని నీళ్ళమీదే మెల్లగా నడుపుకుంటూ ఒడ్డుకు తెచ్చాడు. పడవ మీద, ఆ తాడు పట్టుకుని, తడిసి ముద్దయిన ఇంగ్లీషు పైలట్ ఒకడు వణుకుతున్నాడు. "వీణ్ణి నేనే కూల్చాను తాతా! నీ తాడే లేకపోతే మునిగిపోయేవాడు," అన్నాడు రోర్‌బెక్ నవ్వుతూ. ఓకో పటికబెల్లం ఉమ్మేశాడు. మర్నాడు పొద్దున తట్టుడు వినిపించలేదు. రోర్‌బెక్ వచ్చి చూస్తే, ముసలాయన కత్తి పుచ్చుకుని తాళ్ళన్నీ కోసేస్తున్నాడు. "ఇదేం పని తాతా! రేపు నేను పడితే దేన్ని పట్టుకోను?" కత్తి ఒక్క క్షణం ఆగింది. "మావాడు దేన్ని పట్టుకున్నాడు బాబూ?" అంటూ ఓకో ఆఖరి తాడు తెగ్గోశాడు.