కొన ఊపిరి మేక

చచ్చినదాన్ని తినకూడదని మా అమ్మమ్మ ఊరి క్రైస్తవులకు గట్టి నియమం. నియమం ఉన్నచోట దొడ్డిదారీ ఉంటుంది. కొన ఊపిరి ఉండగా మెడ మీద కత్తి పడితే అది చచ్చినదాని కింద లెక్కకాదట. 

నేను డిగ్రీ చదువుతున్న రోజులు. ఊళ్ళలోకి సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఆ ఊళ్ళో, అమ్మ తమ్ముడైన మా మామ ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన కూడిక పెట్టుకుంటే అమ్మా నేనూ వెళ్ళాం. ఆ పొద్దున మామ మేకల్లో ఒకటి వణుకుతూ కూలబడింది.

"జల్దీ! పానం పోతది!" అంటూ మామ కత్తి పట్టుకుని ఉరికాడు.

నెత్తురు నల్లగా కారింది, ఎంతసేపటికీ గడ్డకట్టలేదు. ఈగలు ముసిరాయి. అమ్మ చేతులు మోచేతుల దాకా ముంచి ఆ మాంసం కడిగింది. నేను కొట్టం వెనక్కి పోయి కక్కుకున్నాను.

"కాలేజీకి పోయినంక సోకులొచ్చినయ్ నీకు," అని మామ నవ్వాడు. కూడికకు వచ్చినవాళ్ళంతా వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. నేను మజ్జిగన్నంతో సరిపెట్టుకున్నాను.

ఇంటికొచ్చిన కొద్దిరోజులకు అమ్మ మణికట్టు మీద పొక్కు లేచింది. నొప్పి లేదు. నడుమ బొగ్గులా మాడి, చుట్టూ వాచింది. ముల్లు గుచ్చుకుందంది. వాపు మోచెయ్యి దాటి ఒళ్ళు కాలిపోతుంటే భద్రాచలం దవాఖానాలో చేర్పించాను.

డాక్టరు చెయ్యి తిప్పి చూసి, "జబ్బు చేసిన పశువును ఏమైనా కోశారా?" అన్నాడు.

"లేదు సార్. ముల్లు."

తమ్ముడి పరువు కోసం ప్రాణం పోగొట్టుకునేలా ఉంది! నాకు ఒళ్ళు మండి మేక సంగతంతా చెప్పేశాను.

"బతికుండంగనే కోసిండు సార్," అంది అమ్మ, ఆ జ్వరంలోనూ.

"కత్తి పెడితే రోగం పోతుందా అమ్మా? ఇది దొమ్మ రోగం, ఆంత్రాక్స్ అంటారు. పశువు నుంచి మనిషికొస్తుంది. ఆలస్యమైతే ప్రాణం తీస్తుంది," అని ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు.

సాయంత్రం మామ టిఫిన్ క్యారియర్‌తో వచ్చాడు. "అక్కకు బలముంటదని దాచిన," అంటూ మూత తీశాడు. అదే మేక. ఎండబెట్టిన ముక్కల వేపుడు.  మామ మీద అసహ్యం వేసింది, ఆ ప్రేమ మీద ఇంకా అసహ్యం వేసింది.

అప్పుడే వచ్చిన డాక్టరు క్యారియర్‌ను చూశాడు. మామ కుడిచేతికి చుట్టుకున్న తువ్వాలును చూశాడు. "అది విప్పు," అన్నాడు.

మామ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. డాక్టరు కదల్లేదు. చివరికి మామే విప్పాడు. బొటనవేలి మొదట్లో అదే నల్లటి పుండు.

"ముల్లు గుచ్చుకుంది సార్," అన్నాడు మామ.

అమ్మ మంచం పట్టె పట్టుకుని లేచి కూర్చుంది.

"మేక అని చెప్పురా," అంది. "సచ్చిపోతవ్."