టైలర్ కుట్టిన తలుపు

ఆ వీధిలో టైలర్‌కు పేరు లేదని కాదు. ముప్పై ఏళ్ళుగా ఎవరికీ దాంతో పని పడలేదు. పెద్దవాళ్ళకు టైలర్, చిన్నవాళ్ళకు టైలర్ బాబాయి, పెళ్ళానికి “ఏమయ్యా”. రెండిళ్ళవతల ఉండే వడ్రంగికి మాత్రం బావ. వాళ్ళిద్దరికీ చుట్టరికమేమీ లేదు. పిలిచి పిలిచి అలా అయిపోయారు.

ముందుగదిలో కుట్టుమిషన్, దాని పక్కన రెండు కుర్చీలు. ఒకటి కొలతలకొచ్చినవాళ్ళకు, రెండోది వడ్రంగికి. సాయంత్రం పని ముగించుకుని వడ్రంగి వచ్చి కూర్చుంటే టీ వచ్చేది, దాంతోపాటు లోకంలో అందరి తప్పులూ బయటికొచ్చేవి. ఒకరి పని గురించి ఒకరు మాత్రం పల్లెత్తు మాట అనుకునేవాళ్ళు కాదు. అందుకే అన్నేళ్ళు నిలబడింది స్నేహం.

అలాంటి వడ్రంగి ఒకరోజు రెడీమేడ్ చొక్కా వేసుకొచ్చాడు.

టైలర్ మిషన్ తొక్కడం ఆపాడు.

“ఎవరు కుట్టారు బావా?”

“ఎవరూ కుట్టలేదు. కొన్నా.”

“కొన్నావా! నేను చచ్చాననుకున్నావా?”

“చొక్కాయే కదా బావా. దానికోసం చావడమెందుకు?”

టీ చల్లారిపోయింది. వడ్రంగి లేచి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. ఆ కుర్చీ కోసం ఎవరూ ఎదురుచూడటం లేదని తెలిసేలా టైలర్ దాని మీద బట్టల మూట పెట్టాడు. పెట్టాడేగానీ, అయిదయ్యేసరికి గుమ్మం ముందు చెప్పుల చప్పుడైతే చాలు, తల ఎత్తేవాడు.

సరిగ్గా ఆ వారమే స్నానాలగది తలుపు పుచ్చి ఊడిపడింది.

“అన్నయ్యను పిలవనా?” అంది భార్య, వడ్రంగి ఇంటి వైపు చూస్తూ.

“ఈ ఇంట్లో ఆ మాట వినపడకూడదు. తలుపెంత పనే? నాలుగు మూలలు. చేతుల్లేవు, కాలర్ లేదు, గుండీల్లేవు. చొక్కా కుట్టేవాడికి తలుపొక లెక్కా!”

మెడలో ఉన్న టేపు తీసి గుమ్మాన్ని కొలిచాడు. చేతి అలవాటు ఊరుకుంటుందా? కుట్టుకని పక్కలకు చెరో అరంగుళం, ఒళ్ళు చేస్తే విప్పుకోవడానికి ఇంకో అంగుళం, కింద మడతకు రెండంగుళాలు కలిపి పుస్తకంలో రాసుకున్నాడు. ఆ లెక్కన ప్లైవుడ్ తెచ్చి, పెరట్లో కూర్చుని కోసి, తీసుకెళ్ళి గుమ్మానికి ఆనించాడు. అది లోపలికి వెళ్ళనంది.

భార్య పుస్తకం తీసి చూసింది.

“లూజు పెట్టావా?”

“అలవాటు.”

“గుమ్మానికేమైనా నెలలు నిండాయనుకున్నావా?”

అక్కణ్ణించి వీధి దిగింది రంగంలోకి. రిటైరైన మాస్టారు వచ్చి తలుపును వేలితో తట్టి, “ఎండలు ముదరనీ. అదే ముడుచుకుంటుంది” అన్నారు. ఎదురింటి పెద్దమ్మ, “తలుపు ముచ్చటగానే ఉందిరా. గోడ కాస్త కొట్టెయ్” అంది. రంపం పట్టుకుని సాయానికొచ్చినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

రోజూ పొద్దున్నే టైలర్ భార్య తువ్వాలు భుజాన వేసుకుని, సబ్బుపెట్టె పట్టుకుని వడ్రంగి ఇంటికి బయల్దేరేది. ఎక్కడికని ఎవరడిగినా ఒకటే జవాబు.

“స్నానానికి. మా ఆయన తలుపు కుడుతున్నాడు.”

తిరిగొచ్చి, “ఎంతవరకొచ్చిందని అన్నయ్య అడిగాడు” అనేది.

“గుండీలే మిగిలాయని చెప్పు.”

నిజానికి టైలర్‌కు కావలసింది తలుపు కాదు. బావ వచ్చి, తప్పయిందని ఒక్క మాటంటే చాలు. ఆ మాట ఎలా రప్పించుకోవాలో తెలియక ఆకురాయి పట్టుకుని తలుపు అంచులు అరగదీస్తూ కూర్చున్నాడు.

ఎనిమిదో రోజుకు తలుపు ఎలాగో మడతబందులకెక్కింది. భార్య స్నానానికి వెళ్ళిన సమయం చూసి టైలర్ లోపలికెళ్ళాడు. గోడకు కాలు తన్నిపెట్టి, రెండు చేతులా పిడి పట్టుకుని లాగాడు. తలుపు ధబ్బున మూసుకుంది. టైలర్ ఆనందానికి హద్దుల్లేవు. తర్వాత తోశాడు. కదల్లేదు. భుజంతో తోశాడు. ఊహూఁ.

కేకలు విని మాస్టారూ పెద్దమ్మా పరుగెత్తుకొచ్చారు. మాస్టారు బయటి పిడి పట్టుకుని లాగారు. పిడి ఆయన చేతికొచ్చింది. ఏం చేయాలో తోచక జేబులో వేసుకున్నారు.

“వడ్రంగిని పిలుద్దామా?”

“అక్కర్లేదు. నేను బాగానే ఉన్నా.”

“ఎంతసేపుంటావురా లోపల?” అంది పెద్దమ్మ.

“నా ఇల్లు, నా స్నానాలగది. నా ఇష్టం.”

ఈలోగా కబురు రెండిళ్ళవతలికి పోనే పోయింది. తడిజుట్టుతో భార్య, వెనకాలే పనిసంచితో వడ్రంగి.

“బావా” అన్నాడు వడ్రంగి.

ఆ పిలుపు విని ఎనిమిది రోజులు దాటింది.

వడ్రంగి తలుపు అంచు వెంబడి వేలు పోనిచ్చాడు.

“ఇదేంటి, పాము పాకినట్టు కోశావు? గీత కనబళ్ళేదా?”

“వెలుతురు తక్కువైంది.”

“పెరట్లో, ఎర్రటెండలోనా?”

లోపల టైలర్ తలుపుకు దగ్గరగా జరిగాడు. తర్వాత మెల్లగా అడిగాడు.

“ఆ చొక్కా ఎందుకు కొన్నావు బావా?”

“తలుపు తీశాక మాట్లాడుకుందాం.”

“తీస్తే నీ మొహం చూసి అడగలేను. ఇప్పుడే చెప్పు.”

వడ్రంగి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

“నువ్వు కుట్టిన ఆఖరి చొక్కాకు ఒక చెయ్యి రెండంగుళాలు పొట్టి. అంతకుముందు దానికి గుండీ ఒక దారి, కాజా ఒక దారి. నీతో చెప్పలేక కొన్నా.”

“నీకొక్కడికేనా? అందరికీనా?”

ఎవరింట్లో కూర మాడిందో మధ్యాహ్నానికల్లా చాటింపేసే వీధి, ఇదొక్కటీ కడుపులో దాచుకుంది. మాస్టారు చొక్కా గుండీల మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. “నా జాకెట్టు బాగానే ఉందిరా...” అంది పెద్దమ్మ. అబద్ధం మింగుడు పడక, “ఒక పక్క” అని కలిపింది.

“రోజూ సూదుల్లో దారమెక్కించేది నేనే కదయ్యా. నేనైనా చెప్పాల్సింది” అంది భార్య, తువ్వాలు కొసతో కళ్ళొత్తుకుంటూ.

“కాసేపు తియ్యకు బావా” అన్నాడు టైలర్.

వడ్రంగి అందరినీ చేత్తోనే పంపేశాడు. తలుపుకు వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు. లోపల కుళాయి తిప్పిన చప్పుడైంది. నీళ్ళు చాలాసేపు పడి ఆగాయి.

“మొహం కడుక్కున్నావా?”

“ఊఁ.”

“తియ్యనా?”

“తియ్యి.”

స్క్రూలు ఒక్కొక్కటే ఊడదీసి, ఇద్దరూ చెరో పక్కన పట్టి తలుపు దించారు. వడ్రంగి దానికి చిత్రిక పడుతుంటే టైలర్ కదలకుండా అదిమి పట్టుకున్నాడు.

“రేపు కళ్ళ డాక్టర్ దగ్గరికి పోదాం” అన్నాడు వడ్రంగి, తల ఎత్తకుండా.

“నేనొక్కణ్ణే పోగలను.”

“పోగలవు. గోడ మీద అక్షరాలు కనబడకపోయినా కనబడ్డాయని చెప్పి రాగలవు కూడా. నేను పక్కనుండాలి.”

టైలర్ కాదనలేదు. తలుపు మీది చెక్కపొట్టు దులుపుతూ అడిగాడు.

“ఆ కొన్న చొక్కా వేసుకునే వస్తావా?”

“నువ్వు కుట్టిందే వేసుకొస్తా బావా. ఆ పొట్టి చెయ్యి చూపిస్తే డాక్టర్‌కు ఇంకో పరీక్ష అక్కర్లేదు.”