డ్రైవరుతో సహా చాపకూడు

మైకు పట్టుకుని మనుషుల వైపు తిరిగి నిలబడటం నాకు చేతకాదని మొదటి ఆదివారమే తేలిపోయింది. వ్యాను నరసరావుపేట బస్టాండు దాటగానే "అందరికీ నమస్కారం" అన్నాను. పన్నెండు మంది ఒకేసారి తలెత్తి చూశారు. అంతే, రెండో వాక్యం గొంతులో ఎక్కడో దిగబడిపోయింది. చేతిలో డైరీ ఉంది. పల్నాడు చరిత్రంతా మూడు వారాలు కూర్చుని అందులో రాసుకున్నాను. ఎక్కడ ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి, అన్నీ. ఒకచోట బ్రాకెట్లో "ఇక్కడ చిరునవ్వు" అని కూడా రాసుకున్నాను. ఆ చిరునవ్వు ఒక్కటే సమయానికి వచ్చింది.

ట్రావెల్స్ ఓనరు మా వీధి చివరాయన. చుట్టం కాదు కానీ నాకు బాబాయే. ఈ పిల్ల ఎప్పుడు చూసినా పుస్తకం పట్టుకునే ఉంటుందని మా అమ్మ ఆయన దగ్గర విసుక్కుంటే, ఆయనకు అది అర్హతలా వినిపించింది. ఆదివారం ఆదివారం ఒకరోజు యాత్ర. పొద్దున కారంపూడిలో వీరుల గుడి, మధ్యాహ్నం దగ్గర్లోని నిమ్మతోటలో భోజనం, తర్వాత మాచర్ల గుడి, ఎత్తిపోతల, పొద్దువాలే వేళకి విజయపురి సౌత్‌లో డ్యాము. ఒక ఊరికీ ఇంకో ఊరికీ మధ్య ఉండే ఖాళీని మాటలతో నింపడం నా ఉద్యోగం. ఇది పోతే మళ్ళీ బ్యాంకు కోచింగులో చేరతానని అమ్మకు మాటిచ్చాను. కోచింగు నాకు కొత్త కాదు, రెండుసార్లు చేరి వచ్చాను. అక్కడ ఎవరూ మాట్లాడమనరు, నిజమే. కానీ పుస్తకంలో చదివిన ఊరు కిటికీలోంచి మైలురాయి మీద పేరుగా వచ్చి వెళ్ళిపోవడం అక్కడ ఉండదు. పత్తి చేల మధ్య ఆ పేర్లు కనిపించినప్పుడల్లా నాకు లోపల ఏదో అయ్యేది. దాన్ని మైకులో చెప్పమంటే మాత్రం కుదరదు.

ఆ మొదటి ఆదివారం నన్ను బయటపడేసింది డ్రైవరు. మా ఇంటి వెనక ఆయనకు ఒకప్పుడు మెకానిక్ షెడ్డు ఉండేది. ఊరందరికీ భాయ్, నాకు మామ. నా చిన్నప్పటి సైకిలు చైను ఆయన వేసినన్నిసార్లు నేను తొక్కి ఉండను. నేను "నమస్కారం" దగ్గరే ఆగిపోవడం అద్దంలో చూసి ఆయన గొంతు తగ్గించి అన్నాడు.

"పాపా, నాకు చెప్పు."

"ఏంది మామా?"

"ఆ పుస్తకంలో ఏదో రాసుకున్నావు గదా, అది నాకు చెప్పు. ఇరవయ్యేళ్ళ నించి ఈ రోడ్డు మీదే తిరుగుతన్నా. ఆ పల్నాటి యుద్ధం ఎందుకైందో నాకెవరూ చెప్పలా. ఎనకాలోళ్ళ సంగతి వదిలెయ్. వింటే వింటారు, లేకపోతే నిద్రపోతారు."

నేను జనానికి వీపు పెట్టి, ముందు అద్దంలోంచి రోడ్డు చూస్తూ, మామకు చెప్పడం మొదలుపెట్టాను. మైకు నోటి దగ్గరే ఉంది. అన్నదమ్ముల వాటాల తగువు, కోడిపందెం, ఓడినవాళ్ళ వనవాసం.

"రాజ్జెం మొత్తం తీసకపోయి కోడి మీద కాశారా?" అన్నాడు మామ గేరు మారుస్తూ. "మా బామ్మర్ది బుల్లెట్ బండి కాశాడు. ఇయ్యాల్టిదాకా మా చెల్లెలు ఆడితో సరిగ్గా మాట్లాడదు. ఈళ్ళు కత్తులు తీశారంటే తియ్యరా మరి!"

మైకు అది కూడా పట్టుకుంది. వెనక నవ్వులు వినిపించాయి. నేను తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతానని నాకు తెలుసు.

అలా రెండు ఆదివారాలు గడిచాయి. రెండో వారం ఎవరో అభిప్రాయాల కాగితం మీద రాశారు: "గైడు ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు." బాబాయ్ ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, దాని మీద టీ గ్లాసు పెట్టాడు.

"వచ్చే ఆదివారం నేనూ వస్తానమ్మా. చూస్తా. నీ వల్ల కాకపోతే కంగారేం లేదు. నువ్వు రాసింది బాగుంది. అది నాకిచ్చెయ్. మంచి గొంతున్న మనిషి చేత చదివించి పెన్‌డ్రైవ్‌లో ఎక్కిస్తా. పెన్‌డ్రైవ్‌కి సిగ్గుండదు గదా."

నేను రాసింది వ్యానెక్కుతుంది, నేను ఎక్కను. ఎవరి మీదా కోపం తెచ్చుకోవడానికి వీల్లేనంత న్యాయంగా ఉంది.

మూడో ఆదివారం బాబాయ్ చివరి సీట్లో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ముందు వరసలో రిటైరైన మాస్టారు ఒకాయన. నేను చెప్పే ప్రతి విషయానికీ "మరో అభిప్రాయం కూడా ఉంది" అని గుర్తుచేస్తున్నారు. ఆయన పక్కన సత్తెనపల్లి నుంచి వచ్చిన పిన్నిగారు. పెద్ద స్టీలు సీసా, చిన్న తువ్వాలు వెంట తెచ్చుకుంది. కారంపూడి చేరేదాకా మామకు చెప్పుకుంటూ నెట్టుకొచ్చాను. వీరుల గుడిలో నాకు పని ఉండదు. అక్కడుండే పెద్దాయన వీరుల ఆయుధాలు చూపిస్తూ ఎవరినీ మాట్లాడనివ్వడు. ఆయన అరగంట చెప్పాక పిన్నిగారు అడిగింది: "ఇంతకీ ఆ కోడిని ఎక్కడ పెట్టారండీ?" ప్రతివారం ఎవరో ఒకరు కోడి గురించి అడుగుతారు. మనుషుల్ని ఎక్కడ పెట్టారని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

అసలు పరీక్ష భోజనం దగ్గర. బాబాయ్ యాత్రలో గొప్పగా చెప్పుకునేది చాపకూడు. ఆ రోజుల్లో ఇక్కడ కులం అడగకుండా అందరినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టారని పల్నాట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి కరపత్రంలో "ఒకే చాప, ఒకే బంతి" అని వేయించి, నిమ్మతోటలోని రేకుల షెడ్డులో పొడుగాటి తుంగచాప పరిపించాడు. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలు కూడా వేయించాడు. చరిత్ర చరిత్రే, మోకాళ్ళు మోకాళ్ళే అని ఆయన సిద్ధాంతం.

మాస్టారు చాప మీదే కూర్చున్నారు. పిన్నిగారు ముందు చాప మీద తన తువ్వాలు పరుచుకుంది, తువ్వాలు మీద తను కూర్చుంది. వడ్డించడానికి వచ్చిన తోట యజమాని భార్యను చూసి నవ్వుతూ అడిగింది.

"వంట నువ్వే చేశావా అమ్మా? వాసన భలే ఉందే. మీ ఇంటిపేరేంది?"

ఇంటిపేరు అడిగితే కులం అడిగినట్టు కాదు. మా వైపు అది మర్యాద.

మామ వ్యాను నీడలో ఫుట్‌బోర్డు మీద కూర్చున్నాడు. ప్రతివారం అంతే. ఇంటి నుంచి తెచ్చుకున్న క్యారియర్ విప్పుకుని, కాళ్ళు బారజాపుకుని, పాత పాటలు పెట్టుకుని తింటాడు. ఆయన్ని అక్కడ కూర్చోమని ఎవరూ చెప్పలేదు. ఇక్కడికి రమ్మని కూడా ఎవరూ చెప్పలేదు, నాతో సహా.

"వడ్డించబాకండి," అన్నాడు బాబాయ్ లేచి నిలబడి. "ముందు మా అమ్మాయి చాపకూడు గురించి చెప్పుద్ది. విన్నాక తింటే ఆ రుచే వేరు."

పన్నెండు ఖాళీ విస్తళ్ళు. వాటి వెనక పన్నెండు ఆకలి మొహాలు. అన్నం గిన్నె పట్టుకుని నిలబడ్డ ఆవిడ. డైరీ తెరిచాను. నా అక్షరాలే, గుండ్రంగా ఉన్నాయి, ఒక్కటీ నోట్లోకి రాలేదు. వ్యానులో అయితే ముందు రోడ్డుంటుంది, స్టీరింగు దగ్గర మామ ఉంటాడు. ఇక్కడ ఎటు తిరిగినా మనుషులే.

"పాపం, పిల్లకి కూడా ఆకలేస్తందేమో," అంది పిన్నిగారు.

"నిదానంగా చెప్పమ్మా," అన్నారు మాస్టారు, గడియారం చూసుకుంటూ.

బాబాయ్ వైపు చూశాను. జేబులోంచి ఫోను తీశాడు. మంచి గొంతున్న మనిషికే చేస్తున్నాడని అనుకున్నాను. ఇప్పటికీ నాకు తెలియదు, టైము చూసుకున్నాడేమో. కానీ ఆ క్షణంలో నాకు కోచింగు సెంటరు మెట్లు కనిపించాయి.

"మామా!" అని అరిచాను. నా గొంతు అంత దూరం వెళ్తుందని నాకే తెలియదు. "ఒకసారి ఇట్రా."

"ఏంది, టైరా?" అన్నాడు మామ ముద్ద నోట్లో పెట్టుకుంటూ.

"కాదు. ఇక్కడ కూర్చో."

"సగం తినేశా పాపా."

"సగం క్యారియర్ తెచ్చుకో."

ఆయన ఒకసారి చాప వైపు, ఒకసారి బాబాయ్ వైపు చూశాడు. క్యారియర్ పట్టుకుని మెల్లగా వచ్చాడు. నా ఎదురుగా చాప చివర ఖాళీ ఉంది. మోకాలు పట్టుకుని "యా అల్లా" అంటూ కూలబడి, నా మొహంలోకి చూశాడు.

"చెప్పు."

చెప్పాను. ఆయనకే చెప్పాను. "మామా, అప్పట్లో యుద్ధానికి పోయేముందు అందరూ ఇట్టా ఒకే చాప మీద కూర్చుని తిన్నారంట. నువ్వెవరు, నీ ఇంటిపేరేంది అని ఎవరూ అడగలేదంట."

పిన్నిగారు సీసాలోంచి నీళ్ళు వంపుకుని, ఎంతో శ్రద్ధగా విస్తరి కడగడం మొదలుపెట్టింది.

"అందరూ అంటే అందరూనా?" అన్నాడు మామ.

"అందరూ."

"గుర్రాలు కాసేవోళ్ళు?"

నేను డైరీ చూశాను. వెనక పేజీ కూడా చూశాను.

"రాసి లేదు మామా."

"ఉండదులే. రాసినోడు గుర్రమెక్కినోడై ఉంటాడు. అందరూ చాప మీద కూర్చుంటే గుర్రాల దగ్గర ఎవడో ఒకడు ఉండాలి గదా. ఆడికి ఏం పెట్టారో ఎక్కడ పెట్టారో."

ఎవరో నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "దీనికి మరో అభిప్రాయం లేదు," అన్నారు, కొంచెం ఆశ్చర్యంగా.

అన్నం వడ్డించారు. అంతవరకు బాగానే ఉన్న పిన్నిగారి మోకాళ్ళకు అప్పుడే నొప్పి వచ్చింది. తువ్వాలు దులుపుకుని, విస్తరి పట్టుకుని కుర్చీలోకి మారింది. మామ అది చూశాడు, చూడనట్టు క్యారియర్ రెండో గిన్నె తెరిచాడు. దోసకాయ మటన్. ఆ వాసనకు మాస్టారు పక్కకు జరిగారు, దగ్గరగా. "మీ ఇంట్లో చేసిందేనా?" అని విస్తరి ముందుకు తోశారు. కుర్చీలోంచి పిన్నిగారు "దోసకాయ చెక్కు తీస్తారా, అట్టాగే వేస్తారా?" అని అడిగింది. తినలేదు కానీ తయారుచేసే విధానం మొత్తం రాబట్టింది.

సాయంత్రం విజయపురి సౌత్‌లో, జనం డ్యాము ముందు ఫొటోలు దిగుతుంటే బాబాయ్ నా పక్కకు వచ్చాడు.

"అదరగొట్టావమ్మా. డ్రైవర్ని పిలిచి కూర్చోబెట్టడం ముందే అనుకున్నావా?"

నేను మాట్లాడలేదు. నేను మాట్లాడకపోవడం జీవితంలో మొదటిసారి నాకు లాభించింది.

"పెద్ద మనసు నీది," అన్నాడు.

పెన్‌డ్రైవ్ మాట మళ్ళీ రాలేదు. వారం తిరిగేసరికి కొత్త కరపత్రం వచ్చింది. అందులో నా పేరు లేదు కానీ పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉంది: "అసలు సిసలు చాపకూడు, డ్రైవరుతో సహా!" పక్కన క్యారియర్ పట్టుకున్న మామ ఫొటో.

ఆ తర్వాత రెండు ఆదివారాలు మామ చాప మీదే తిన్నాడు. జనం ఆయనతో సెల్ఫీలు దిగారు. గుర్రాల ప్రశ్న మళ్ళీ అడగమని బాబాయ్ ముందే చెప్పి పంపాడు. అడిగాడు. నేను మళ్ళీ డైరీ చూసినట్టు చూశాను. రెండో వారం తిరుగు ప్రయాణంలో దుర్గి దాటాక, మైకు ఆపేశాక ఆయన అన్నాడు.

"వారానికి అరగంట పాపా. కాళ్ళు బారజాపుకుని నా పాటలు నేను వినే టైము. మోకాలు మడిస్తే రాత్రికి వాచుద్ది. కూసోవాలని ఉందా భాయ్ అని నన్నెవరూ అడగలా."

"నేను కూడా అడగలేదు," అన్నాను.

"నువ్వు కూడా," అన్నాడు, కోపం లేకుండా.

ఆ రాత్రి డైరీలో నిజం రాసుకున్నాను. నేను ఆయన్ని పిలిచింది నా కోసం. ఆయన కోసమని బాబాయ్ అనుకున్నాడు, అందరూ అనుకున్నారు, ఒప్పుకోవడానికి సిగ్గే కానీ, ఆ రెండు వారాల్లో నేనూ అలాగే అనుకోవడం మొదలుపెట్టాను.

తర్వాతి ఆదివారం నిమ్మతోటలో వ్యాను ఆగగానే, చాప దగ్గరికి వెళ్ళకుండా ఫుట్‌బోర్డు దగ్గరికి వెళ్ళాను.

"మామా, అక్కడ కూర్చుంటావా, ఇక్కడే ఉంటావా?"

ఆయన ఆలోచించాడు, కాఫీయా టీయా అని అడిగినట్టు.

"ఇయ్యాల ఇక్కడే," అన్నాడు. "భయపడబాక. ఇదిగో, నా బదులు దీన్ని పెట్టుకో." క్యారియర్ మూత తీసి నా చేతికిచ్చాడు.

మూతను ఎదురుగా చాప మీద పెట్టుకున్నాను. దానికి చెప్పడం మొదలుపెట్టాను. స్టీలు మూతలో నా మొహం వంకరగా కనిపించింది. దానికి చెప్పడం మరీ విడ్డూరంగా అనిపించి, గుర్రాల దగ్గరికి వచ్చేసరికి తలెత్తాను. పన్నెండు మంది. అన్నం గిన్నె పట్టుకున్న ఆవిడ. ఎవరూ నన్ను కరిచేలా లేరు.

"గుర్రాలు కాసేవాళ్ళు ఎక్కడ తిన్నారో ఏ పుస్తకంలోనూ లేదు," అన్నాను వాళ్ళతో. ఈసారి వాక్యం పూర్తయింది. ఇద్దరు ముగ్గురు వ్యాను వైపు చూశారు. అక్కడ మామ కాళ్ళు బారజాపుకుని, పాటకు తలాడిస్తూ తింటున్నాడు.

సోమవారం బాబాయ్ మళ్ళీ ఒక కాగితం నా ముందు పెట్టాడు. ఈసారి దాని మీద గ్లాసు పెట్టలేదు, వేలు పెట్టి చూపించాడు. రెండే వాక్యాలు. "గైడు మా వైపు చూసి చాలా బాగా చెప్పింది. కరపత్రంలో వేసినట్టు చాపకూడులో డ్రైవరు లేడు."

"ఇప్పుడు ఏం చేద్దామంటావమ్మా?" అన్నాడు దిగులుగా.

"కరపత్రం మారుద్దాం బాబాయ్," అన్నాను.

మొదటి వాక్యం డైరీలో ఎక్కించుకున్నాను. రెండోది మామకు చదివి వినిపించాను. ఆయన బానెట్ ఎత్తి రేడియేటరులో నీళ్ళు పోస్తున్నాడు. ఆగి, మళ్ళీ చదవమన్నాడు.

"మంచిదే గదా," అన్నాడు. "వ్యానుకి డ్రైవరున్నాడని ఇన్నేళ్ళకి ఒకడు రాశాడు."